కట్టమంచి నుంచి కేంబ్రిడ్జి వరకు...
ఆకురాలు కాలంలో ఆరంభమైన సి.ఆర్‌.రెడ్డి విద్యాయాత్ర

చిత్తూరు: నూటపాతికేళ్లకు పూర్వం మాట. విమానం లేదు, టెలిఫోను సౌకర్యం లేదు. సముద్రం దాటి వెళ్లిన కుమారుని క్షేమ సమాచారం తెలియాలంటే ఓడలో వచ్చే ఉత్తరమే ప్రధాన ఆధారం. అటువంటి రోజుల్లో చిత్తూరు పక్కనున్న ఒక పల్లె నుంచి బయలుదేరిన యువకుడు ఇంగ్లండులోని ప్రఖ్యాత విశ్వవిద్యాలయంలో చదివి, విద్యార్థుల సభకు ఉపాధ్యక్షుడై, తిరిగి వచ్చి తెలుగువారి తొలి విశ్వవిద్యాలయానికి సారథ్యం వహించారు. ఆయనే డాక్టర్‌ కట్టమంచి రామలింగారెడ్డి. తెలుగునాట అందరికీ సి.ఆర్‌.రెడ్డిగా సుపరిచితులు. ఆయన పదవులు, బిరుదులు చాలామందికి తెలుసు. ఆ వ్యక్తిత్వానికి రూపుదిద్దిన పరదేశపు విద్యార్థి జీవితం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

చెరువు కథతో తొలి కీర్తి

రామలింగారెడ్డి 1880 డిసెంబరు 10న కట్టమంచిలో జన్మించారు. అప్పటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో అంతర్భాగం. 1911లో కొత్త జిల్లా అవతరించింది. నాటి కట్టమంచి గ్రామం నేడు చిత్తూరు నగరంలో కలిసిపోయింది. తండ్రి సుబ్రహ్మణ్యరెడ్డి న్యాయవాది, సాహిత్యాభిమాని. చిత్తూరులో పాఠశాల విద్య ముగించుకున్న రామలింగారెడ్డి ఉన్నత విద్యకై మద్రాసు క్రిస్టియన్‌ కళాశాలలో చేరారు.

అక్కడి ఆంధ్రభాషాభిరంజని సంఘం నిర్వహించిన కావ్యరచన పోటీకై 1899లో ఆయన 'ముసలమ్మ మరణము' రచించి బహుమతి గెలుచుకున్నారు. అనంతపురం సీమలోని బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోగా ఊరిని కాపాడేందుకు ప్రాణత్యాగం చేసిన కోడలి కథ అది. రాజులు, దేవతలు కాక ఒక పల్లె పడుచు కథానాయిక కావడం నాటి సాహిత్యంలో కొత్తదనం. విమర్శకులు దీనిని ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగులలో ఒకటిగా పరిగణిస్తారు. అప్పటికి కవికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు.

1902లో బి.ఏ. పట్టా పొందిన అనంతరం భారత ప్రభుత్వ విద్యార్థి వేతనం ఆయనను వరించింది. ఏటా కొద్దిమందికే దక్కే గౌరవమది. ఆ వేతనంపైనే కేంబ్రిడ్జిలోని సెయింట్‌ జాన్స్‌ కళాశాలలో ప్రవేశం లభించింది.

నాలుగింటికే చీకటి

కేంబ్రిడ్జిలో విద్యా సంవత్సరం అక్టోబరు తొలి రోజుల్లో మొదలవుతుంది. మైకేల్మస్‌ టర్మ్‌గా పిలిచే ఆ తొలి విడత డిసెంబరు ఆరంభంతో ముగుస్తుంది. సరిగ్గా అది ఇంగ్లండులో ఆకురాలు కాలం. అదే నెలల్లో చిత్తూరు సీమలో ఈశాన్య రుతుపవనాలు వర్షిస్తాయి. చెరువులు నిండుతాయి, బీళ్లు పచ్చబడతాయి. అక్కడ మాత్రం చెట్లు పసుపు, గోధుమ వర్ణాలకు తిరిగి ఒక్కొక్క ఆకే నేల రాలుతుంది. కామ్‌ నదిపై మంచు తెర కమ్ముకుంటుంది. కుండపోత వాన ఉండదు. రోజంతా వీడని సన్నని తుంపరే. టర్మ్‌ ముగిసే నాటికి సాయంత్రం నాలుగింటికే పొద్దు గుంకుతుంది. రాయలసీమ ఎండలో పెరిగిన వారికి ఆ చీకటికి, చలికి అలవాటుపడటమే మొదటి పరీక్ష.

1511లో స్థాపితమైన సెయింట్‌ జాన్స్‌ కళాశాల కామ్‌ నదికి ఇరువైపులా విస్తరించింది. రెండు భాగాలను కలుపుతూ 1831లో నిర్మించిన నిట్టూర్పుల వంతెన నేటికీ యాత్రికులను ఆకర్షిస్తోంది. ఆంగ్ల మహాకవి వర్డ్స్‌వర్త్‌ చదివింది ఈ కళాశాలలోనే. గణితంలో ప్రథమ స్థానం సాధించి 1899లో సీనియర్‌ రాంగ్లర్‌గా దేశమంతటా పేరుపొందిన పరాంజపే కూడా ఇక్కడి విద్యార్థే. కట్టమంచి యువకుడు అక్కడ అడుగుపెట్టేనాటికి భారతీయుల ప్రతిభ ఆ కళాశాలకు కొత్త కాదు.

నాటి విద్యార్థుల దినచర్య కట్టుదిట్టమైన నియమాలతో సాగేది. ఉపన్యాసాలకు, రాత్రి భోజనశాలకు నల్లని గౌను ధరించి రావాలి. చీకటి పడ్డాక వీధిలో గౌను లేకుండా కనిపిస్తే విశ్వవిద్యాలయ అధికారులు జరిమానా విధించేవారు. రాత్రి నిర్ణీత వేళకు కళాశాల ద్వారాలు మూసివేసేవారు. గదిలో వెచ్చదనానికి బొగ్గుల కుంపటే దిక్కు. పొడవాటి బల్లల వద్ద అందరూ కలిసి కూర్చుని భోజనం చేయాలి. సంగటి ముద్ద, చారు, ఊరగాయలతో పెరిగిన నోటికి అక్కడ లభించేవి రొట్టె, ఉడికించిన బంగాళాదుంపలు, మాంసం. ఇంటికి రాసిన ఉత్తరానికి జవాబు రావాలంటే నెలకు పైగా ఎదురుచూడాలి.

చరిత్ర పాఠం... వాదనా పటిమ

రామలింగారెడ్డి ఎంచుకున్న విషయం చరిత్ర. అది కేంబ్రిడ్జి చరిత్ర విభాగంలో మార్పుల కాలం. ఆచార్యుడు లార్డ్‌ ఆక్టన్‌ 1902లో మరణించగా, ఆ స్థానంలోకి వచ్చిన జె.బి.బ్యూరీ 1903 జనవరిలో చేసిన తొలి ఉపన్యాసంలో చరిత్రను శాస్త్రంగా అధ్యయనం చేయాలని ప్రతిపాదించి పెద్ద చర్చకు తెరలేపారు. అదే సంవత్సరం ఆల్‌ఫ్రెడ్‌ మార్షల్‌ కృషి ఫలితంగా అర్థశాస్త్రానికి ప్రత్యేక పట్టపరీక్ష ఏర్పాటైంది. మార్షల్‌ సెయింట్‌ జాన్స్‌కు చెందినవారే. తదనంతర కాలంలో ప్రపంచ ప్రఖ్యాత ఆర్థికవేత్తగా ఎదిగిన కీన్స్‌ సైతం 1902 అక్టోబరులోనే కేంబ్రిడ్జిలోని కింగ్స్‌ కళాశాలలో చేరారు.

తరగతి గదితో సమానంగా విద్యార్థులను తీర్చిదిద్దిన వేదిక యూనియన్‌. 1815లో ఏర్పడిన ఈ చర్చా సంఘంలో పార్లమెంటు పద్ధతిలో తీర్మానాలు ప్రవేశపెట్టి, వాదించి, ఓటింగు జరిపేవారు. పాలకజాతి యువకుల నడుమ పాలిత దేశపు విద్యార్థి లేచి, వారి భాషలోనే వారిని ఒప్పించాలి. రామలింగారెడ్డి ఆ పరీక్షలో నెగ్గారు. యూనియన్‌ ఉపాధ్యక్షునిగా ఎన్నికైన తొలి భారతీయునిగా చరిత్రకెక్కారు. 1905లో చరిత్ర పట్టపరీక్షలో ఉన్నత శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు.

తిరిగొచ్చి తెలుగుకే...

ఆ కాలంలో ఇంగ్లండు వెళ్లిన భారతీయ విద్యార్థులలో పలువురి లక్ష్యం ఐ.సి.ఎస్‌. లేదా బారిస్టరు పట్టా. రామలింగారెడ్డి అధ్యాపక వృత్తిని స్వీకరించారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌ ఆహ్వానంపై, అంతకుముందు అరవింద ఘోష్‌ నిర్వహించిన బరోడా కళాశాల వైస్‌ ప్రిన్సిపాల్‌ పదవిని చేపట్టారు. అనంతరం మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యునిగా, ప్రిన్సిపాల్‌గా, ఆ సంస్థానపు విద్యాశాఖాధిపతిగా సేవలందించారు.

ఆంగ్లంలో అంతటి పట్టు సాధించినా మాతృభాషను విడువలేదు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను ఆధారం చేసుకుని 'కవిత్వతత్త్వ విచారము' రాసి తెలుగు విమర్శను కొత్త దారి పట్టించారు. అర్థశాస్త్రాన్ని తెలుగు పాఠకులకు తెలుగులోనే బోధిస్తూ గ్రంథం వెలువరించారు. యూనియన్‌లో నేర్చిన వాదనా పటిమ చట్టసభలోనూ అక్కరకు వచ్చింది. 1923లో మద్రాసు శాసనమండలిలో పానగల్లు రాజా మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టింది ఆయనే. తీర్మానం వీగిపోయినా, దేశంలో అటువంటి తీర్మానాలకు అది నాంది పలికింది.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడగా తొలి ఉపాధ్యక్షులుగా నియమితులయ్యారు. అయితే పదవి ఆయనను కట్టిపడేయలేదు. 1930లో జాతీయోద్యమంపై ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా సమర్పించారు. ఆ ప్రభుత్వపు వేతనంతోనే విదేశంలో చదివినప్పటికీ అన్యాయాన్ని ప్రశ్నించడానికి సంకోచించలేదు. ఆయన తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌ ఆ బాధ్యత నిర్వర్తించారు. 1936లో రామలింగారెడ్డి తిరిగి అదే పీఠాన్ని అధిష్ఠించి 1949 వరకు కొనసాగారు. ఆజన్మ బ్రహ్మచారిగా జీవించిన ఆయన 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఆయన మరణించిన మూడేళ్లకు, 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలసింది. నేడు చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి అనేకమంది యువతీయువకులు ఏటా విదేశీ విద్యకు తరలుతున్నారు. ఆకులు రాలే వేళకు కొత్త దేశంలో, కొత్త గదిలో ఒంటరిగా చలికి వణికే ఆ బిడ్డలకు కట్టమంచి రామలింగారెడ్డి పరాయివారు కారు. ఆ చలి, ఆ చీకటి, ఇంటిపై ఆ బెంగ ఆయనకూ అనుభవమే. అక్కడ సంపాదించిన విద్యను సొంతగడ్డకు తెచ్చి పంచిపెట్టడమే ఆయన మిగిల్చిన ఆదర్శం.