గేరీ కిల్డాల్ చరిత్రము

మా కంప్యూటరు గదిలో పనిచేయు బాలబాలికలు ఒక్కొక్కప్పుడు, లోకమంతటికిని ఒక్కటే ఆపరేటింగ్ సిస్టము ఉండిన నేర్చుకొనుట సులభము గదా యని మమ్మడుగుచుందురు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగ ఒక ఉపాధ్యాయుని జీవితమును సంగ్రహముగ చెప్పదలచితిమి.

గేరీ కిల్డాల్ 1942వ సంవత్సరము మే 19వ తేదీన అమెరికా దేశమందలి సియాటిల్ పట్టణమున జన్మించెను. ఆయన కుటుంబమువారు నౌకాయానవిద్య గఱపు పాఠశాలను నడపుచుండిరి. యౌవనమున ఆయనయు నందు బోధించెను. గణితోపాధ్యాయుడు కావలయునను కోరికతో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చేరి, అచ్చట కంప్యూటర్లయందు ఆసక్తి కలిగి, 1972లో ఆ శాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. పిమ్మట కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున నావికాదళపు కళాశాలలో బోధకుడుగ నుండెను.

ఆ దినములలో ఇంటెల్ సంస్థవారు గోరంత చిప్పునందు గణనశక్తిని ఇమిడ్చిరి. దానిచేత పని చేయించుటకు తగిన సాధనములు మాత్రము కొఱవడెను. కిల్డాల్ వారికొఱకు పి.ఎల్./ఎమ్. అను ప్రోగ్రామింగు భాషను నిర్మించెను. 1974లో సి.పి./ఎమ్. అను ఆపరేటింగ్ సిస్టమును వ్రాసెను. ఆపరేటింగ్ సిస్టమనగా కీబోర్డు, తెర, డిస్కు మున్నగు అంగములను మన ప్రోగ్రాములకు వశముచేసి నడపు సారథి. ఇంటెల్ వారు దానిని గైకొనకపోగా, ఆయన తన భార్యయగు డొరతితో కలసి డిజిటల్ రీసెర్చి అను సంస్థను స్థాపించెను.

ఈ సిస్టమునం దొక విశేషము గలదు. యంత్రమును బట్టి మాఱెడి భాగమును కిల్డాల్ బయాస్ అను పేర వేఱుచేసెను. క్రొత్త యంత్రమునకు ఆ చిన్న భాగమును మాత్రము తిరిగి వ్రాసిన చాలును. ఇందువలన అనేక సంస్థల యంత్రములపై ఒకే సిస్టము నడచెను. ఒకరి యంత్రము నచ్చనివారు మఱియొకరిది కొనినను, తాము నేర్చిన పని వ్యర్థము కాలేదు. యంత్రములు చేయువారు పోటీపడుటకు ఈ ఉపాధ్యాయుడే బాట వేసెను.

1980లో ఐ.బి.ఎమ్. సంస్థవారు తాము చేయబోవు చిన్న కంప్యూటరుకొఱకు ఆయన సంస్థను సమీపించిరి గాని, బేరము కుదురలేదు. మైక్రోసాఫ్టువారు మఱియొకరు వ్రాసిన సిస్టమును సంపాదించి వారికి అందించిరి. ఐ.బి.ఎమ్. వారు ఉభయులవియు అమ్ముట కంగీకరించిరి. ఐనను మైక్రోసాఫ్టువారి డాస్ వెల 40 డాలర్లు, కిల్డాల్ సిస్టము వెల 240 డాలర్లు. ప్రజలు చౌకదానినే కొనిరి. ఇంత భేదముండగా పోటీ పేరునకే మిగిలెను.

ఐనను ఆ సంస్థ చేతులు ముడుచుకొనలేదు. 1988లో డి.ఆర్. డాస్ అను సిస్టమును వెలువరించెను. అప్పటి యంత్రములలో ప్రోగ్రాములకు దొరకు మెమరీ 640 కిలోబైట్లే. అందు సిస్టమే కొంత ఆక్రమించుచుండెను. 1990లో వచ్చిన డి.ఆర్. డాస్ 5 తాను పై మెమరీలోనికి తొలగి, ప్రోగ్రాములకు చోటు విడిచెను. మరుసటి యేట మైక్రోసాఫ్టువారి డాస్ 5 కూడ ఆ సౌకర్యముతోనే వచ్చెను. డి.ఆర్. డాస్ 6, డిస్కులోని విషయమును కుదించి దాచు ఉపాయమును 1991లో చేర్చగా, 1993లో ప్రత్యర్థియు చేర్చెను. ఎవరు గెలిచినను, ఎవరు ఓడినను, లాభము వాడుకొనువారిదే.

కాని పోటీ న్యాయముగ సాగవలెను. కంప్యూటరు చేయువారు తమ సిస్టమును వేసినను వేయకున్నను, యంత్రమునకింతయని తమకు రుసుము చెల్లింపవలెనను ఒప్పందములు మైక్రోసాఫ్టువారు చేసికొనుచుండిరి. ఇతరుల సిస్టమును గోరువారికి రెండింతల వ్యయమయ్యెడిది. 1994 జూలై 15న అమెరికా ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని వారా పద్ధతి మానుట కంగీకరించిరి. అంతకు నాలుగు దినములు ముందే, జూలై 11వ తేదీన, కిల్డాల్ తన 52వ యేట మాంటెరేలో పరమపదించెను. అప్పటికే 1991లో ఆయన సంస్థను నోవెల్ అను సంస్థవారు కొనియుండిరి.

విద్యార్థులారా! ఒక్కటే యున్న నేర్చుట సులభమగును, నిజమే. కాని దానిని బాగుచేయుమని అడుగువారెవరు? వెల పెంచిన వలదని చెప్పి పోవుటకు మఱియొక ద్వార మెక్కడ? కావున మీకు అలవాటైనదానిని విడువకయే, మఱియొక సిస్టమును, మఱియొక ప్రోగ్రామింగు భాషను గూడ కొంత నేర్చుకొనుడు. ఎన్నుకొనగలవానినే అమ్మువారు గౌరవింతురు.