మనస్సాక్షికి ఆశ్రయము: రోజర్ విలియమ్స్

రోజర్ విలియమ్స్ 1603వ సంవత్సర ప్రాంతమున లండను నగరములో జన్మించెను. ప్రసిద్ధ న్యాయవేత్తయగు సర్ ఎడ్వర్డ్ కోక్ ఈ బాలుని చురుకుదనము గమనించి చదువు చెప్పించెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి ఆయన దైవసేవకుడాయెను. 1631లో భార్యయైన మేరీతో సముద్రము దాటి అమెరికాలోని బోస్టను చేరెను. అచ్చటి సంఘము బోధకునిగా ఉండుమని పిలువగా, వారు ఇంగ్లండు రాజసంఘముతో పూర్తిగా తెగతెంపులు చేసికొనలేదని నిరాకరించెను. విశ్వాస విషయములో ఆయన అంత నిష్ఠగలవాడు.

మసాచుసెట్సులోని ప్యూరిటనులు తమ మనస్సాక్షి ప్రకారము ఆరాధించుటకే స్వదేశమును విడిచి వచ్చినవారు. అయినను ఆ స్వేచ్ఛను ఇతరులకిచ్చుటకు వారికి మనస్సు రాలేదు. పది ఆజ్ఞలలో దేవుని ఆరాధనకు సంబంధించిన మొదటి నాలుగింటి విషయమై శిక్షించుటకు ప్రభుత్వమునకు అధికారము లేదని విలియమ్స్ బోధించెను. ఆదివాసుల భూమిని వారియొద్ద కొనక, రాజు పట్టాతో ఆక్రమించుట అన్యాయమనియు చెప్పెను. 1635 అక్టోబరులో న్యాయసభ ఆయనకు దేశబహిష్కార శిక్ష విధించెను. 1636 జనవరిలో ఆయనను పట్టి ఓడ ఎక్కించుటకు మనుష్యులు వచ్చునప్పటికే, భార్యను, ఇద్దరు చిన్న కుమార్తెలను విడిచి, మంచు కప్పిన అడవిలోనికి వెళ్లిపోయెను. తోటి క్రైస్తవులు వెళ్లగొట్టినవానికి వాంపనోగు ఆదివాసులు ఆశ్రయమిచ్చిరి.

అదే సంవత్సరమున నారగాన్‌సెట్టు నాయకులిచ్చిన భూమిలో ఆయన క్రొత్త ఊరు కట్టి, దైవసంరక్షణ అని అర్థమిచ్చు ప్రావిడెన్స్ అను పేరు పెట్టెను. అచ్చటి నివాసులు లౌకిక విషయములలో మాత్రమే అధికారమునకు లోబడవలెను. విశ్వాసము దేవునికిని మనుష్యునికిని మధ్యనున్నది. 1644లో ప్రచురించిన గ్రంథములో, కోతకాలము వరకు గోధుమలను గురుగులను కలిసి ఎదుగనియ్యవలెనన్న ప్రభువు ఉపమానమును ఆధారముగా చూపి, మతహింసను ఖండించెను.

ఈ సిద్ధాంతమునకు క్వేకరుల వలన పరీక్ష వచ్చెను. వారి బోధ లేఖనములకు విరుద్ధమని విలియమ్స్ గట్టిగా నమ్మెను. 1657లో పొరుగు వలసలు వారిని వెళ్లగొట్టుమని కోరగా, రోడ్ ఐలండు ఒప్పుకొనలేదు. బోస్టనులో 1659 మొదలు 1661 వరకు నలుగురు క్వేకరులను ఉరి తీసిరి. రోడ్ ఐలండులో వారు నిర్భయముగా కూడుకొనిరి. యూదులును న్యూపోర్టులో స్థిరపడిరి. 1672లో సుమారు డెబ్బది ఏండ్ల విలియమ్స్, దినమంతయు తానే పడవ నడుపుకొని న్యూపోర్టు చేరి, క్వేకరులతో వాదించెను. ఆయన మాటలు కఠినమైనవే. గాని వాదమే ఆయన ఆయుధము, చెరసాల కాదు.

ఆయన నిర్దోషి కాడు. 1676 యుద్ధములో ప్రావిడెన్స్ దగ్ధమైన తరువాత, చెరపట్టిన ఆదివాసులను దాస్యమునకు అమ్మిన పనిలో ఆయనయు పాలుపొందెను. తనకు ఆశ్రయమిచ్చిన జాతుల విషయములో ఇది మాసిపోని మచ్చ.

1683లో ఆయన మరణించెను. 1936లో, అనగా మూడు వందల సంవత్సరముల తరువాత, మసాచుసెట్సు శాసనసభ ఆ బహిష్కారమును రద్దుచేసెను.

ప్రియ పాఠకులారా, అన్ని బోధలును ఒక్కటేయని తలంచి విలియమ్స్ ఇతరులను సహించలేదు. బలవంతముచేత మోకాళ్లు వంగునే గాని హృదయము వంగదని ఎరిగి సహించెను. మన పొరుగువాని ప్రార్థన మన ప్రార్థన వంటిది కానప్పుడు మనము ఏమి చేయుచున్నామో పరీక్షించుకొందము.