వెనుక బెంచీ పిల్లల స్నేహితుడు ఆల్‌ఫ్రెడ్ బినే



బడి నుండి ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వచ్చిన రోజు మీ ఇంట్లో ఎలా ఉంటుందో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మంచి మార్కులు తెచ్చుకున్న బిడ్డ వాకిట్లో నుండే కేక వేస్తూ లోపలికి వస్తాడు. తక్కువ మార్కులు వచ్చిన బిడ్డ కార్డును సంచి అడుగున దాచి, నాన్నగారు సంతకం అడిగే వేళ కోసం భయపడుతూ కూర్చుంటాడు. వీడికి చదువు అబ్బదు అని ఆ సాయంత్రం మనం విసుగుతో అనే ఒక్క మాట ఆ పసి మనసులో ఎన్నేళ్లు నిలిచిపోతుందో మనం ఆలోచించం.

బిడ్డ తెలివిని కొలవవచ్చునా? కొలిస్తే, ఆ కొలతతో ఏమి చేయాలి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు వెదుకుతూ జీవితం గడిపిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ బినే. నేడు లోకమంతటా వాడే తెలివి పరీక్షలకు మూలం ఆయన పనిలోనే ఉంది. అయితే ఆ పరీక్షను ఆయన ఎందుకోసం తయారు చేశారో, ఆయన కన్నుమూశాక అది ఎవరి చేతుల్లో పడి ఏమైందో చాలామందికి తెలియదు. బిడ్డలున్న ప్రతి ఇంటికీ పనికివచ్చే కథ కాబట్టి ఈ వారం దానిని చెప్పుకుందాం.

దారి వెదుక్కున్న యువకుడు

బినే 1857 జూలైలో మధ్యధరా సముద్రతీరంలోని నీస్ పట్టణంలో జన్మించారు. అప్పటికి ఆ పట్టణం సార్డీనియా రాజ్యంలో ఉండేది, 1860లో ఫ్రాన్సులో కలిసింది. తండ్రి వైద్యుడు, తల్లికి చిత్రలేఖనంలో ప్రవేశం ఉండేది. తల్లిదండ్రులు విడిపోవడంతో ఆయన తల్లి పెంపకంలో పెరిగారు. పారిస్‌లో చదువుకుని 1878లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు, కానీ వకీలు వృత్తి ఆయనకు రుచించలేదు. వైద్యవిద్య మొదలుపెట్టి దానినీ మధ్యలోనే విడిచిపెట్టారు. చివరకు పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో కూర్చుని, ఏ గురువూ లేకుండా మనస్తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ఆ వయసులో ఆయనను చూసినవారు ఈ యువకుడికి నిలకడ లేదని అనుకుని ఉంటే మనం ఆశ్చర్యపోనక్కరలేదు.

1883లో ఆయన సాల్పేట్రియేర్ ఆసుపత్రిలో చేరారు. అక్కడి పెద్ద వైద్యుడు షార్కో పేరు అప్పట్లో యూరపు అంతటా మారుమోగుతుండేది. అక్కడ బినే, తన సహచరుడు ఫేరేతో కలిసి, హిప్నాటిజం నిద్రలో ఉన్న రోగి దగ్గర అయస్కాంతం పెడితే ఒక వైపు పక్షవాతం రెండో వైపుకు మారుతుందని ప్రకటించారు. బెల్జియం శాస్త్రజ్ఞుడు డెల్‌బూఫ్ స్వయంగా వచ్చి చూశారు. రోగి ఎదుటనే అన్నీ మాట్లాడుకుంటున్నారనీ, ఏమి జరగాలని వీరు కోరుకుంటున్నారో ఆ రోగికి ముందే తెలుస్తోందనీ ఆయన గమనించారు. శక్తి అయస్కాంతంలో లేదు, అడిగేవారి ఆశలోనే ఉంది.

బినే మొదట గట్టిగా వాదించారు. కొన్నేళ్లకు తన తప్పును అచ్చులోనే ఒప్పుకున్నారు. అది ఆయనకు ఎంతో అవమానం. కానీ అడిగేవాడి మనసులో ఉన్నది జవాబు చెప్పేవాడిలో కనిపిస్తుందనే ఆ పాఠాన్ని ఆయన మళ్లీ మరచిపోలేదు.

ఇంట్లోనే మొదలైన పరిశోధన

1884లో బినేకు లోర్ బాల్బియానీతో వివాహమైంది. 1885లో మాడ్లేన్, 1887లో ఆలిస్ అనే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఈ పిల్లలే ఆయనకు కొత్త గురువులయ్యారు. నడక నేర్చుకునే వయసులో మాడ్లేన్ నిదానస్తురాలు. అవతల పట్టుకోవడానికి మరొక ఆసరా చేతికి అందేంత దగ్గరలో కనిపిస్తే తప్ప పట్టుకున్నది వదిలేది కాదు. ఆలిస్ అలా కాదు. పడతానన్న చింత లేకుండా గది నడుమకు పరుగెత్తేది. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే భోజనం. అయినా ఇద్దరూ నేర్చుకునే తీరు వేరు. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు ఎప్పుడూ చెప్పేదే ఇది. దానిని బినే ఓపికగా గమనించి, కాగితం మీద పెట్టారు. వైయక్తిక భేదాలు అని నేటి ఉపాధ్యాయ శిక్షణలో బోధించే విషయానికి తొలి పునాదులు వేసినవారిలో ఆయన ఒకరు.

1891లో ఆయన సొర్బాన్ విశ్వవిద్యాలయంలోని మనస్తత్వ ప్రయోగశాలలో జీతం లేకుండా చేరి, 1894లో దానికే అధిపతి అయ్యారు. మరుసటి ఏడాది ఒక వార్షిక పత్రికను ప్రారంభించారు. పారిస్‌లో ఆచార్య పదవి మాత్రం ఆయనకు ఎన్నడూ దక్కలేదు.

తల పెద్దదైతే తెలివి ఎక్కువ అని ఆ రోజుల్లో పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు నమ్మేవారు. బినే కూడా 1900 ప్రాంతంలో టేపు, పరికరాలు పట్టుకుని బడులకు వెళ్లి, చురుకైన పిల్లల తలలు, వెనుకబడిన పిల్లల తలలు కొలిచారు. తేడా చాలా స్వల్పమని తేలింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఆయన పసిగట్టారు. ఈ పిల్లవాడు మందమతి అని ముందే తెలిస్తే, తనకు తెలియకుండానే తన చేయి ఆ కొలతను తగ్గిస్తోంది! అయస్కాంతం నేర్పిన పాఠం ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆయన ఆ దారిని విడిచిపెట్టారు.

1904లో వచ్చిన పిలుపు

ఫ్రాన్సులో 1882 చట్టంతో పిల్లలందరికీ చదువు తప్పనిసరి అయ్యింది. అంతకుముందు బడి ముఖం చూడని పిల్లలు తరగతుల్లోకి వచ్చారు. వారిలో కొందరు పాఠాలు అందుకోలేకపోయారు. వారిని ఏమి చేయాలి? ఉపాధ్యాయుడికి నచ్చని అల్లరి పిల్లవాడిని మందమతి అని వ్రాసి బయటకు పంపితే అడిగేవారెవరు? ఒకే బిడ్డను ముగ్గురు వైద్యులు చూసి మూడు పేర్లు పెట్టేవారు. 1904లో ప్రభుత్వం ఈ విషయమై ఒక సంఘాన్ని నియమించింది. అందులో బినే సభ్యుడు.

ఆయన తేయోడోర్ సిమోన్ అనే యువ వైద్యునితో కలిసి 1905లో 30 అంశాల పరీక్షను సిద్ధం చేశారు. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్లతో వెంబడించడం మొదటిది. చాక్లెట్టుకూ కొయ్యముక్కకూ తేడా గుర్తించడం, చెప్పిన మూడు అంకెలు తిరిగి చెప్పడం, ఈగకూ సీతాకోకచిలుకకూ తేడా చెప్పడం వంటివి తరువాత వచ్చేవి. వీటిలో చదవడం, వ్రాయడం లేవు. బడిలో నేర్చినదాన్ని కాక, బిడ్డ గ్రహించే తీరును చూడాలన్నది వారి ఉద్దేశం.

1908లో సుమారు 200 మంది పిల్లలను పరీక్షించి, 3 ఏళ్ల నుండి 13 ఏళ్ల వరకు వయసువారీగా అంశాలను పేర్చారు. మూడేళ్ల బిడ్డ తన ముక్కు, కళ్లు, నోరు చూపాలి. అయిదేళ్ల బిడ్డ చతురస్రం గీయాలి. ఆరేళ్లకు కుడిచేయి, ఎడమచెవి తెలియాలి. తొమ్మిదేళ్లకు చిల్లర లెక్కగట్టి ఇవ్వగలగాలి. బిడ్డ ఏ వయసు అంశాల వరకు చేయగలిగితే అది ఆ బిడ్డ మానసిక స్థాయి. వయసు కంటే బాగా వెనుకబడి ఉంటే, ఆ బిడ్డకు ప్రత్యేక సహాయం కావాలి. ఆ పరీక్ష చెప్పేది అంతే.

దాని హద్దులు బినేకు బాగా తెలుసు. తెలివిని బియ్యం తూచినట్లు ఒక్క అంకెతో తూచలేమని ఆయన హెచ్చరించారు. బెల్జియంలో డెక్రోలీ, డెగాన్ అనే ఇద్దరు ఇదే పరీక్షను కలిగినవారి పిల్లలకు పెడితే, పారిస్ పేదపిల్లల కంటే వారు ముందున్నారు. ఇల్లూ, వాకిలీ, వినే మాటలూ కూడా ఆ అంకెలో కలిసే ఉంటాయని బినే ఒప్పుకున్నారు.

స్తంభించి నిలబడే ఆట

పారిస్‌లోని ఒక బడిలో, విక్టర్ వానే అనే ప్రధానోపాధ్యాయుని తోడ్పాటుతో, బినే 1905లో ఒక ప్రయోగశాల తెరిచారు. వెనుకబడిన పిల్లవాడిని చూస్తే మొదట కళ్లు, చెవులు పరీక్షించాలన్నది ఆయన పట్టుదల. బోర్డు మీద అక్షరాలు కనబడని బిడ్డను మొద్దు అని తిట్టి ప్రయోజనమేమిటి?

తెలివి పుట్టుకతో వచ్చినంతే, ఇక పెరగదు అని ఉపాధ్యాయులు అంటుంటే ఆయనకు బాధ కలిగేది. 1909లో ప్రచురించిన పుస్తకంలో ఆ నిరాశను గట్టిగా ఖండించారు. వంకర తిరిగిన కాలును వైద్యుడు కట్టు కట్టి సరిచేసినట్లే, శ్రద్ధకూ జ్ఞాపకానికీ సాధన ఇవ్వవచ్చునని వ్యాయామాలు రూపొందించారు. సైగ చేయగానే పిల్లలందరూ ఉన్నవారు ఉన్నట్లే బొమ్మల్లా స్తంభించి నిలబడాలి. నిండా నీళ్లున్న పాత్రను తొణకకుండా మోయాలి. కొన్ని వస్తువులను కొద్ది క్షణాలు చూసి, తరువాత గుర్తున్నవి వ్రాయాలి. ఈ చివరి ఆటను, ఆ తరగతిని చూడవచ్చిన పార్లమెంటు సభ్యులు కూడా ప్రయత్నించి ఆ పిల్లల కంటే వెనుకబడ్డారు! ఆలోచించండి, వారు చదువు రాదని పక్కన పెట్టిన పిల్లలు. ఆ 1909లోనే ఫ్రాన్సులో ప్రత్యేక తరగతులకు చట్టం వచ్చింది.

1911లో పరీక్షను మరొకసారి సవరించారు. అదే ఏడాది అక్టోబరు 18న, 54 ఏళ్ల వయసులో, బినే పారిస్‌లో మరణించారు.

పరుల చేతిలో పడిన పరీక్ష

పాఠకులారా, కథలో విచారకరమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. 1912లో జర్మనీ శాస్త్రజ్ఞుడు విలియం స్టెర్న్ మానసిక వయస్సును అసలు వయసుతో భాగించమన్నారు. 1916లో అమెరికాలో టెర్మన్ దానిని వందతో హెచ్చించారు. ప్రజ్ఞాలబ్ధి అనే అంకె అలా వచ్చింది. బినే వద్దన్న ఆ ఒక్క అంకె బిడ్డ నుదుటి వ్రాత అయిపోయింది. అమెరికాలో గొడార్డ్ మొదలైనవారు అది వంశపారంపర్యమనీ, మారదనీ బోధించారు. ఓడ దిగిన వలసవారిని దానితో పరీక్షించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు ఇటువంటి పరీక్షలే పెట్టారు.

అంతటితో ఆగలేదు. తెలివి తక్కువవారికి సంతానం కలగకూడదని అనేక రాష్ట్రాలు చట్టాలు చేశాయి. వర్జీనియాలో బలాత్కారానికి గురై తల్లి అయిన క్యారీ బక్ అనే యువతికి పరీక్ష పెట్టి, ఆమె మానసిక వయస్సు తొమ్మిదేళ్లని తేల్చారు. 1927లో సుప్రీంకోర్టు అనుమతితో ఆమెకు బలవంతంగా ఆపరేషను చేశారు. కొద్ది నెలల వయసున్న ఆమె కూతురు వివియన్ కూడా మందబుద్ధే అని సాక్ష్యం చెప్పారు. ఆ వివియన్ పెద్దదై బడికి వెళ్లి బాగా చదివే పిల్లల జాబితాలో పేరు తెచ్చుకుంది. పాపం, 1932లో ఎనిమిదేళ్లకే జబ్బుచేసి చనిపోయింది. అమెరికాలో ఇలా 60 వేల మందికి పైగా ఆపరేషన్లు జరిగాయి. వర్జీనియా ప్రభుత్వం విచారం ప్రకటించింది 2002లో.

ఆ రోజుల్లో చదువుకున్న లోకం చాలావరకు దీనిని ప్రగతి అనుకుంది. 1930 డిసెంబరు 31న పదకొండవ పయస్ జగద్గురువులు వివాహ జీవితంపై వెలువరించిన విశ్వలేఖలో, నేరం చేయనివారి శరీరాన్ని ఇలా అంగహీనం చేసే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదని స్పష్టంగా బోధించారు. బినే స్నేహితుడు సిమోన్ కూడా తమ పరీక్ష ఆశయానికి ద్రోహం జరిగిందని వాపోయారు.

మన దేశంలో వి.వి. కామత్ గారు బినే పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు తగినట్లు మార్చారు. బినే-కామత్ పరీక్ష పేరుతో అది నేటికీ వాడుకలో ఉంది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థను నెలకొల్పింది. పరీక్ష ఫలితం చూశాక ఆ బిడ్డకు తగిన శిక్షణ ఇచ్చేచోట బినే ఆశయం నెరవేరుతుంది. అంకె చూసి తలుపు మూసేచోట అది ఓడిపోతుంది.

తల్లిదండ్రులారా, ఈసారి ప్రోగ్రెస్ కార్డు వచ్చినప్పుడు సంతకం పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి. మార్కులు తగ్గిన బిడ్డను దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకోండి. బోర్డు కనబడుతోందా అని అడగండి. ఏ పాఠం దగ్గర తడబడ్డాడో కనుక్కోండి. పక్కింటి పిల్లవాడి ర్యాంకు ఆ పూట ఎత్తకండి. ఆ కార్డు ఈ రోజు బిడ్డ ఎక్కడ ఉన్నాడో మాత్రమే చెబుతుంది. అక్కడి నుండి చేయి పట్టుకుని నడిపించవలసింది మనమే.