ఎండను లెక్కగట్టి ఊరు గీసిన ఒట్టో

భువనేశ్వర్‌లో ఎవరి ఇల్లయినా వెతకాలంటే ముందు యూనిట్ నెంబరు అడుగుతారు. యూనిట్-3, యూనిట్-6, యూనిట్-9... ఉద్యోగాల మీద వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ లెక్క అలవాటే. ఇది 1948లో ఒక జర్మన్ ఆర్కిటెక్టు గీసిన ప్లాను నుంచి వచ్చింది. ఆయన పేరు ఒట్టో కోనిగ్స్‌బర్గర్. అంతకుముందు దాదాపు తొమ్మిదేళ్ళు ఆయన బెంగళూరులో మైసూరు సంస్థానం కొలువులో పనిచేశారు.

ఒట్టో 1908లో బెర్లిన్‌లో పుట్టారు. యూదు మూలాలున్న కుటుంబం. ఆర్కిటెక్చర్ చదువు కూడా అక్కడే. 1933లో హిట్లర్ అధికారంలోకి రాగానే యూదుల ఉద్యోగాలు ఊడిపోయాయి. ఒట్టోదీ పోయింది. అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు. పొట్ట చేతపట్టుకుని ఈజిప్టు చేరి, లుడ్విగ్ బోర్చార్ట్ అనే పురావస్తు పండితుడి దగ్గర పనిచేశారు. ప్రాచీన ఈజిప్టు తలుపుల నిర్మాణం మీద పరిశోధన గ్రంథం రాశారు. తలుపు మీద డాక్టరేట్ ఏమిటని నవ్వొచ్చు గానీ, మండే ఎండల్లో జనం ఎలాంటి ఇళ్ళలో బతుకుతారో ఆయన దగ్గరగా చూసింది అక్కడే.

ఒట్టో మేనమామ మాక్స్ బోర్న్ పేరున్న భౌతిక శాస్త్రవేత్త. సి.వి.రామన్ పిలుపు మీద 1935-36లో బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్ని నెలలు ఉన్నారు. ఆ పరిచయాలు మేనల్లుడికి అక్కరకొచ్చాయి. 1939లో దివాన్ మీర్జా ఇస్మాయిల్ ఒట్టోని సంస్థానంలోకి తీసుకున్నారు. దివాన్‌కు గుమ్మటాలు, అలంకారాలు ఇష్టం. ఒట్టోకు అవి ఎక్కవు. అయినా ఇద్దరి మధ్యా పని నడిచింది. సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో విమాన విభాగం భవనం, భోజనశాల ఆయన గీసినవే. టాటాల కోసం జంషెడ్‌పూర్ పట్టణానికీ ప్లాను వేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో కేంద్ర ప్రభుత్వం ఆయన్ను హౌసింగ్ డైరెక్టరుగా వేసుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 13న నెహ్రూ భువనేశ్వర్‌లో కొత్త రాజధానికి శంకుస్థాపన చేశారు. అప్పటిదాకా ఒడిశా రాజధాని కటక్. ఒట్టో పాత గుళ్ళ ఊరిని కదిలించకుండా, పక్కనే పొడవుగా సాగే ఊరు గీశారు. దాన్ని చిన్న చిన్న పేటలుగా విడగొట్టారు. అవే యూనిట్లు. ప్రతి పేటలో బడి, బజారు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండాలి. నడిచేవాళ్ళకు, సైకిళ్ళకు, మోటార్లకు వేర్వేరుగా మొత్తం ఏడు రకాల దారులు. జనాభా అంచనా 40 వేలే. 2011 జనాభా లెక్కల నాటికి ఊరు 8 లక్షలు దాటింది, అది వేరే సంగతి.

ఒట్టో జీవితమంతా పట్టుకున్న విషయం మాత్రం ఎండ. ఫ్యాను, కూలరు లేకుండా ఎండనీ గాలినీ ఒడుపుగా మలుచుకుని ఇంటిని హాయిగా ఉంచడాన్ని ఇంగ్లిషులో పాసివ్ సోలార్ డిజైన్ అంటారు. చలి దేశాల్లో ఎండను ఇంట్లోకి రప్పిస్తారు, మన దగ్గర బయట ఆపాలి. భువనేశ్వర్‌లో జూన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. దక్షిణం గోడకు చిన్న సజ్జ ఉంటే చాలు, నీడ పడుతుంది. పడమటి గోడ అలా కాదు. సాయంత్రం ఎండ ఏటవాలుగా సజ్జ కింద నుంచి దూరి నేరుగా గదిలోకి వస్తుంది. గోడ ఆ వేడి పీల్చుకుని రాత్రంతా వదులుతుంది. అందుకే ఇంటి పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉండాలి, పొట్టి గోడలు తూర్పు పడమరలకు.

చిక్కేమిటంటే, ఇది ఇల్లు కట్టేవాడి చేతిలో పూర్తిగా లేదు. బెంగళూరులో మనవాళ్ళు కొనే 30-40 సైటునే తీసుకోండి. రోడ్డు ఉత్తర దక్షిణాలుగా పోతే, ఇంటి ముందూ వెనకా తూర్పు పడమరలవుతాయి. ఉత్తర, దక్షిణ గోడలేమో పక్కింటికి ఆనుకున్నట్టుంటాయి. కిటికీ పెట్టినా గాలి రాదు. అదే రోడ్డు తూర్పు పడమరలుగా ఉంటే ముందూ వెనకా ఉత్తర దక్షిణాలు. ఎండ పడే పక్క గోడలకు ఒక ఇంటి నీడ ఇంకో ఇంటికి. లేఅవుటు గీసినరోజే సగం వ్యవహారం తేలిపోయిందన్నమాట.

ఢిల్లీ ఒట్టోకు అచ్చిరాలేదు. దేశ విభజన శరణార్థులకు ఇళ్ళ కొరత. ఫ్యాక్టరీలో పలకలు పోతపోసి ఇళ్ళు బిగించే పథకం పెట్టారు. అది విఫలమైంది, విమర్శలు చుట్టుముట్టాయి. ఎండ గురించి అంత తెలిసిన మనిషి ఫ్యాక్టరీ ఇంటిని నమ్ముకోవడం వింతే. 1951లో లండన్ వెళ్ళిపోయారు. ఉష్ణదేశాల ఆర్కిటెక్చర్ నేర్పడానికి అక్కడ 1954లో మొదలైన విభాగాన్ని పెంచి పెద్దచేశారు.

ఐక్యరాజ్య సమితి కోసం కార్ల్ మహోనీ, మార్టిన్ ఎవాన్స్‌తో కలిసి ఆయన తయారుచేసిన పట్టికలు 1971లో వచ్చాయి. ఊళ్ళో ఎండ, వాన, తేమ లెక్కలు వేస్తే ఇల్లెలా ఉండాలో పట్టిక చెబుతుంది. అందులో మొదటి వరుస లేఅవుటు, రెండోది ఇళ్ళ మధ్య ఎడం. గోడ, కప్పు ఆ తర్వాతే. ఆరుబయట పడకకు కూడా ఒక వరుస ఉంది! తర్వాత సహరచయితలతో రాసిన ఉష్ణదేశ గృహనిర్మాణ గ్రంథం మన ఆర్కిటెక్చర్ కాలేజీల్లో ఇప్పటికీ పాఠ్యపుస్తకం.

1998 వేసవిలో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. మరుసటి జనవరిలో ఒట్టో తన తొంభయ్యో ఏట లండన్‌లో కన్నుమూశారు. కొత్త లేఅవుట్ల ప్రకటనల్లో తూర్పు ఫేసింగ్ అని పెద్దక్షరాల్లో వేస్తున్నారు, పడమటెండ ఏ గదిలో పడుతుందో మాత్రం వేయరు.