సత్రంలో చోటు

నాచారం పారిశ్రామికవాడకూ ఉప్పల్ రింగ్ రోడ్డుకూ మధ్య చిన్నా పెద్దా ఆసుపత్రులకు కొదవ లేదు. రోగుల కోసం ప్రార్థించడానికి మేము అప్పుడప్పుడూ అటు వెళ్తుంటాం. ఆమధ్య అలా వెళ్లిన ఒకచోట, నెలలు నిండకుండా పుట్టిన పాపను నవజాత శిశువుల ఐసీయూలో ఉంచారు. అరచేతిలో ఇమిడే పాప. ముక్కులో సన్నని గొట్టం, పాదానికి ఎర్రగా వెలిగే చిన్న లైటు. తల్లిని మూడు గంటలకోసారి లోపలికి పిలిచి పాలు పిండించి తీసుకుంటున్నారు. వరంగల్ రోడ్డు బస్సులో వచ్చి ఉప్పల్‌లో దిగిన తండ్రి, అమ్మమ్మ మాత్రం పదకొండు రోజులుగా మెట్ల కింద చాప మీదే ఉంటున్నారు. ఇలాంటి పిల్లలు బరువు పెరిగి ఇల్లు చేరడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా. ఆ మెట్ల దగ్గర నిలబడినప్పుడు మాకు గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి, దాన్ని కట్టిన డాక్టరమ్మ గుర్తొచ్చారు.

అన్నా సారా కుగ్లర్ 1856లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. ఆడవాళ్లు డాక్టరు చదవడమే వింతగా చూసే రోజుల్లో ఫిలడెల్ఫియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పుచ్చుకున్నారు. మన దేశం నుంచి వెళ్లిన ఆనందీబాయి జోషి ఏడేళ్ల తర్వాత పట్టా అందుకున్నది కూడా ఆ కళాశాల నుంచే. నోరిస్‌టౌన్‌లోని మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పని చేస్తుండగా ఆమెకు గుంటూరులోని లూథరన్ మిషనరీ నుంచి పిలుపు వచ్చింది. మగ వైద్యుడికి చేయి కూడా చూపించని స్త్రీలు ఇక్కడ కాన్పుల్లో చనిపోతున్నారని, వారికి ఒక లేడీ డాక్టరు కావాలని ఆ పిలుపు సారాంశం.

అయితే ఆమెను పంపే సంఘం వైద్యసేవకు సిద్ధంగా లేదు. ఘోషా స్త్రీలకు చదువు చెప్పే టీచరుగా అయితే పంపుతామంది. డాక్టరు పట్టా ఉన్న మనిషికి అది అవమానమే. చాలామంది అక్కడే వెనక్కి తగ్గేవారు. ఆమె టీచరుగానే ఒప్పుకున్నారు, కాకపోతే సామానులో తన వైద్య పరికరాలు కూడా సర్దుకున్నారు. 1883 చివర్లో గుంటూరు చేరి తెలుగు నేర్చుకుంటూ, పాఠాలు చెబుతూ, పిలిచిన ఇంటికల్లా వెళ్లి వైద్యం మొదలుపెట్టారు. ఆమెను మెడికల్ మిషనరీగా నియమించడానికి సంఘానికి మరో రెండేళ్లు పట్టింది. అప్పటికే ఊళ్లో జనం ఆమెను డాక్టరమ్మగా నియమించేసుకున్నారు!

ఆ రోజుల్లో పురిటి గది ఎలా ఉండేదో మా పెద్దలు చెప్పగా విన్నాం. గాలి చొరబడని చీకటి గది, పొగ, శుభ్రం లేని కత్తితో బొడ్డు కోయడం. బొడ్డు దగ్గర ధనుర్వాతం సోకి వారం తిరగకుండానే పోయిన పిల్లలకు లెక్కే లేదు. నెలలు నిండని పిల్లల కోసం ప్యారిస్‌లో తార్నియే అనే వైద్యుడు వెచ్చని పెట్టె వాడకంలోకి తెచ్చింది 1880 ప్రాంతంలోనే. అది కూడా కోడిగుడ్లు పొదిగే పెట్టెను చూసి వచ్చిన ఆలోచన. మన పల్లెల్లో అలాంటి బిడ్డకు పాత గుడ్డలు, తల్లి ఒంటి వెచ్చదనమే దిక్కు. ఇన్ని యంత్రాలు వచ్చాక నేటి డాక్టర్లు బిడ్డను తల్లి గుండెలకు ఆనించి ఉంచమని మళ్లీ చెబుతున్నారు, అది వేరే సంగతి.

డాక్టరమ్మ ముందు డిస్పెన్సరీ నడిపారు. తర్వాత అమెరికా స్త్రీలు పోగుచేసిన కానుకలతో 1897లో ఆసుపత్రి తెరిచారు. నర్సులకు శిక్షణ కూడా అక్కడే సాగింది. మేము ఎక్కువగా తలచుకునేది మాత్రం ఆ భవనాన్ని కాదు, దాని దగ్గర వెలసిన సత్రాన్ని. తన కుటుంబానికి ఆమె చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు రాజా దాన్ని కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాదు. ఆమెకు బంగారం ఇవ్వగలిగినవాడే, కానీ రోగుల బంధువులకు నీడ ఇచ్చాడు. ఆ కాలంలో కాన్పుకు ఒక స్త్రీ వస్తే వెంట తల్లి, అత్త, బండి తోలినవాడు, వంటపాత్రలు, బియ్యం మూట అన్నీ వచ్చేవి. ఒకరు వండింది మరొకరు ముట్టని కట్టుబాట్లు ఉండేవి. పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేకపోతే బిడ్డ పరిస్థితి ఎలా ఉన్నా మూడో రోజుకే బండి కట్టి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు. సత్రం ఉంటే వైద్యం పూర్తయ్యేదాకా ఆగుతారు. నవజాత శిశువు కథ ఒకటి మనకు సువార్తలో ఉంది కదా, సత్రంలో చోటు లేక పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ కథ. ప్రతి క్రిస్మస్‌కు ఆ తొట్టిని అలంకరిస్తాం గానీ, ఆ తలుపు మూసినవాళ్లలో మనం ఉన్నామేమోనని అనుకోం.

ఆమెకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1928లో గుంటూరు ఆసుపత్రి చరిత్రను పుస్తకంగా రాశారు. 1930 జులై 26న, 74 ఏళ్ల వయసులో గుంటూరులోనే కన్నుమూశారు. వచ్చి 47 ఏళ్లు నిండబోతున్నాయి. ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది.

ఇక ఇక్కడి సంగతి. మేము వెళ్లిన ఆసుపత్రికి నాలుగు సందుల అవతల ఒక మందిరం ఉంది. దాని వెనక హాలుకు ఆదివారం తప్ప మిగతా రోజుల్లో తాళమే. ఐసీయూ పిల్లల కుటుంబాలకు రాత్రిపూట దాన్ని ఇద్దామని పోయిన నెల పెద్దల ముందు పెట్టాం. బాత్‌రూమ్ ఒక్కటే ఉందన్నారు, కరెంటు బిల్లు ఎవరు కడతారన్నారు, సభ్యులు కానివాళ్లకు ఎలా ఇస్తామన్నారు. మొదటి రెండింటికీ జవాబు దొరికింది. మూడోది ఇంకా నలుగుతోంది. ఈలోగా పాప బరువు ఒక కిలో మూడు వందల గ్రాములకు వచ్చిందని అమ్మమ్మ ఫోన్ చేసి చెప్పింది. వాళ్లు ఇంకా మెట్ల కిందే ఉన్నారు.