లోకానికి అచ్చునిచ్చి అప్పుల పాలైన గుటెన్‌బర్గ్

బడిలో మధ్యయుగాల ఐరోపా పాఠం చెప్పేటప్పుడు రాజులు, కోటలు, మతయుద్ధాల నడుమ జోహాన్ గుటెన్‌బర్గ్ పేరు ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. పిల్లలు దాన్ని పరీక్ష కోసం వల్లె వేస్తారు. కాని ఆ వాక్యం వెనుక ఒక మనిషి పడ్డ పాట్లున్నాయి. పత్రికా స్వేచ్ఛ కథకు మొదలూ అక్కడే ఉంది.

జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న మైంజ్ నగరంలో 1400 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ జన్మించాడు. ఆనాడు పుస్తకమంటే చాలావరకు చేతిరాతే. ఒక్క బైబిలుకు నకలు తీయాలంటే నెలల తరబడి కూర్చోవలసిందే. అందుకే పుస్తకాలు ఎక్కువగా మఠాల్లోనూ, కలవారి ఇళ్లలోనూ ఉండేవి.

లోహపు పనిలో ఆరితేరిన గుటెన్‌బర్గ్ ఒక్కొక్క అక్షరానికీ మూస చేసి, సీసం, తగరం కలిపి కరిగించి పోసి అక్షరాలు తయారు చేశాడు. ఒక పేజీ అచ్చయ్యాక వాటినే విడదీసి మరో పేజీకి కూర్చవచ్చు. లోహపు అక్షరాలతో అచ్చు వేయడం కొరియాలో అంతకు ముందే ఉన్నా, ఐరోపాకు ఇది కొత్త.

పనికి పెట్టుబడి కావలసి వచ్చింది. యోహాన్ ఫూస్ట్ అనే ధనికుడు 1450లో 800 గుల్డెన్లు అప్పిచ్చాడు. 1452లో మరో 800 ఇచ్చాడు. ఆ సొమ్ముతో గుటెన్‌బర్గ్ సుమారు 180 బైబిలు ప్రతులు అచ్చు వేశాడు. పని ఒక కొలిక్కి వస్తున్న వేళ, 1455లో, ఫూస్ట్ అసలూ వడ్డీ కలిపి 2,026 గుల్డెన్లు కట్టాలని దావా వేశాడు. గుటెన్‌బర్గ్ దగ్గర పని చేసిన పీటర్ షఫర్ ఫూస్ట్ పక్షాన నిలిచాడు. తీర్పు గుటెన్‌బర్గ్‌కు ఎదురైంది. 1457లో ఫూస్ట్, షఫర్‌ల పేర్లతో ఒక గ్రంథం వెలువడింది. గుటెన్‌బర్గ్ పేరు మాత్రం ఆయన అచ్చు వేసిన ఏ పుస్తకంలోనూ లేదు.

1462లో మైంజ్ యుద్ధంలో చిక్కి దోపిడీకి గురైంది. అచ్చు పనివారు చెల్లాచెదురై తమ విద్యను ఊరూరా తీసుకుపోయారు. వృద్ధుడైన గుటెన్‌బర్గ్‌కు 1465లో ఆర్చిబిషప్పు ఏటా ధాన్యం, ద్రాక్షసారా, బట్టలు ఇచ్చే ఏర్పాటు చేశాడు. 1468లో ఆయన కన్నుమూశాడు. సమాధి ఉన్న చర్చి తరువాత కాలంలో కూలిపోయింది. నేడు దాని ఆనవాలు కూడా లేదు.

ఆయన పోయి ఇరవై ఏళ్లు కాకముందే అదే మైంజ్‌లో మరో ఆర్చిబిషప్పు, 1485-86లో, అచ్చుకు కళ్లెం వేశాడు. ఇతర భాషల నుంచి ప్రజల భాష అయిన జర్మనులోకి తెచ్చిన పుస్తకం ఏదైనా పండితుల తనిఖీ అయ్యాకే అచ్చు వేయాలన్నాడు. మీరినవారికి వెలి, జరిమానా. పుస్తకం సామాన్యుడి చేతికి చేరితే ఏమవుతుందో ఏలేవారికి అంత త్వరగా తెలిసింది.

అయినా అచ్చు ఆగలేదు. తొలి తెలుగు పుస్తకాలు సైతం 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలోనే అచ్చయ్యాయి.

అచ్చుయంత్రం పుట్టుక, దానికి పడిన సంకెళ్లు ఒకే నగరపు కథ. ఈ రెంటినీ కలిపి చెప్పినప్పుడే, పొద్దున్నే గుమ్మం ముందు పడే పత్రిక విలువ ఏడెనిమిది తరగతుల పిల్లలకు అర్థమవుతుంది.