గురజాడ: మాటకూ మౌనానికీ నడుమ

అన్నీ అందరికీ చెప్పడం ఋజుత్వమనీ, కొంత దాచుకోవడం కపటమనీ భావించేవారు లోకంలో చాలామంది. గురజాడ వేంకట అప్పారావుగారి జీవితం పరిశీలిస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఎవరికి ఏది చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి అన్న వివేకం ఆయన బ్రతుకంతటా కనిపిస్తుంది.

1862లో విశాఖపట్నం మండలంలోని రాయవరంలో మాతామహుల ఇంట ఆయన జన్మించారు. విద్యాభ్యాసం విజయనగరంలో సాగింది. అక్కడే గిడుగు రామమూర్తిగారు సహాధ్యాయి. గిడుగువారు ఉద్యోగరీత్యా పర్లాకిమిడి వెళ్ళిన పిమ్మట కూడ ఆ చెలిమి చెదరలేదు. ఆనంద గజపతి మహారాజు ఆదరణ లభించిన తరువాత అప్పారావుగారు ఆస్థానానికి అంతరంగికులైనారు. ఆ పదవికి గౌరవమెంతో, బరువూ అంతే.

ఆ బరువు ఎంతటిదో 1897లో తేటపడింది. ఆ ఏడే ‘కన్యాశుల్కం’ తొలికూర్పు వెలువడింది. ఆ ఏడే మహారాజు కాలధర్మం చెందారు. అనంతరం అప్పారావుగారు మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పలకొండమాంబగారికి ఆంతరంగిక కార్యదర్శి అయినారు. సంస్థానంలో దత్తత విషయమై పెద్ద వ్యాజ్యం నడుస్తున్న రోజులవి. కాగితాలు, రాయబారాలు, న్యాయవాదులతో మంతనాలు అన్నీ ఆయన చేతిమీదుగా సాగేవి. రాజగృహాల లోగుట్టు అంత దగ్గరగా ఎరిగిన రచయితకు కథావస్తువులకు కొదవ ఏముంటుంది? అయినా ఆ వ్యాజ్యాన్ని ఆయన నాటకంగా మలచలేదు. నమ్మి అప్పగించిన మాట తన సొత్తు కాదని ఆయన ఎరుగును.

అలాగని లోకానికి తెలియవలసినదాన్ని దాచిన మనిషి కారు. కన్యాశుల్కం తొలికూర్పు పీఠికనే చూడండి. మహారాజు ఆజ్ఞపై విశాఖ మండలంలో మూడేళ్ళలో జరిగిన ఇట్టి వివాహాల పట్టిక తయారు చేయించగా 1,034 తేలాయి. వధువులలో అయిదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. ఈ అంకెలను ఆయన నిర్మొగమాటంగా అచ్చువేశారు. ఆ కుటుంబాల పేర్లు మాత్రం బయట పెట్టలేదు. దురాచారాన్ని వీథికెక్కించారు గాని గృహస్థులను కాదు. గిరీశం ఫలానావాడని, మధురవాణి ఫలానా ఆమె అని నేటికీ వెదికేవారున్నారు. అది వారి వినోదం!

మిత్రులకు రాసిన ఉత్తరాలలో మరొక అప్పారావుగారు కనిపిస్తారు. ఒంగోలు మునిసుబ్రహ్మణ్యంగారి వంటి సాహితీ మిత్రులతో భాషను గూర్చీ, కవిత్వాన్ని గూర్చీ మనసు విప్పి మాట్లాడారు. సభలో పదిమంది ఎదుట చెప్పదలచని సంశయాలు కూడ అట్టి స్నేహంలో చెప్పుకోవచ్చును గదా. తనతో తాను మాట్లాడుకోవలసినవి దినచర్య పుస్తకాలకెక్కాయి. అవి చాలవరకు ఆంగ్లంలోనే ఉన్నాయి. సమకాలికులైన వీరేశలింగంగారు స్వీయచరిత్రను తామే రాసి ప్రకటించారు; అప్పారావుగారు ఆ పని చేయలేదు. రెండింటిలో ఏది మేలన్న తర్కం అనవసరం. ఎవరి స్వభావం వారిది.

ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న చివరి సంవత్సరాలలో కూడ భాషావిషయమై ఆయన వెనుకంజ వేయలేదు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రంలో, వ్యావహారిక భాషను కాదన్న పండితులతో తమకున్న విభేదాన్ని విపులంగా, సోదాహరణంగా బయటపెట్టారు. అది ప్రజల వ్యవహారం. అక్కడ మౌనం తగదు.

1915 నవంబరు 30న ఆయన కన్నుమూశారు. ఆ లేఖలు, దినచర్యలు తరువాతి కాలంలో అవసరాల సూర్యారావుగారి కృషితో తెలుగులో అచ్చయినాయి. ఆయనను గూర్చి మనకు తెలిసినదానిలో ఎంతో భాగం వాటినుంచి వచ్చినదే. తనకోసమే రాసుకున్న ఆ పుటలను అందరూ చదవడానికి ఆయన సమ్మతించి ఉండేవారా అన్నది అడగడానికి ఆయన లేరు.